బాంబుల కోసం పెట్టిన చెవి

మొన్న జ్యోతి మా ఇంటికి వచ్చింది. మన దీవుల్లోని ఈ ఊళ్ళో, బతుబస్తీ పేటలో కిరాణా కొట్టు నడిపే అప్పలరాజు కూతురు. నేను రిటైరైన ఆఫీసులోనే, నేను ముప్పై ఏళ్ళకు పైగా కూర్చున్న గదిలోనే ఉద్యోగంలో చేరింది. ఆర్డరు కాగితం మీద ఏముందో అంతా చదివిందట గానీ, అసలు పనేమిటో అంతుపట్టలేదట.

"అంకుల్, మీరు ఏటి సేసేవారో రాసి ఇవ్వండి. తెలుగులోనే రాయండి. నాకు బోల్‌నా ఆతా హై, పఢ్‌నా నహీ. అమ్మ సదివి సెప్తాది" అంది.

రాస్తున్నాను. ఎవరికి ఎప్పుడు ప్రమోషను వచ్చిందీ, ఏ ఫైలు ఎక్కడ ఆగిందీ ఇందులో ఉండవు. పాఠాలు కూడా ఆశించకమ్మా. రాయడానికి కూర్చున్నాక తెలిసింది, నాకు తెలిసినవాటికంటే తేలనివే ఎక్కువగా ఉన్నాయని.

పని

మాది భూకంపాలు రాసే ఆఫీసు. నేను చేరినప్పుడు కంప్యూటర్లు లేవు. కాగితం చుట్టిన డ్రమ్ము మెల్లగా తిరుగుతూ ఉండేది, దాని మీద సిరా కలం గీత గీస్తూ ఉండేది. భూమి కదిలితే కలం వణుకుతుంది. ఆ వణుకు ఎప్పుడు మొదలైంది, ఎంత పెద్దది, ఎంత దూరం నుంచి వచ్చింది, ఇవి కొలిచి ఢిల్లీకి పంపాలి. రోజూ కాగితం మార్చాలి, కలానికి సిరా పట్టించాలి, గడియారం సరిచూడాలి. ఇంట్లో అడిగితే "గీతలు చూస్తాను" అనేవాణ్ణి. మా ఆవిడ రత్నం అయితే "మా ఆయనది గీతలు గీసే ఉద్యోగం" అని అందరికీ చెప్పేది. దిద్దీ దిద్దీ విసిగిపోయాను.

మొదటి బాస్ ఘోష్ సాబ్. బెంగాలీ, బక్కపలచని మనిషి, రోజుకు పన్నెండు టీలు. చేరిన వారానికే నన్ను కూర్చోబెట్టి ఓ సంగతి చెప్పాడు. ఈ యంత్రాలను ప్రపంచమంతా ఊరూరా ఎందుకు పెట్టారో తెలుసా అని. భూకంపాల కోసం కదా సార్ అన్నాను. పడీపడీ నవ్వాడు. ఒకప్పుడు పెద్ద దేశాలు పక్కవాడు భూమి లోపల అణుబాంబు పేలుస్తున్నాడో లేదో కనిపెట్టడానికి ఇలాంటి యంత్రాలు తయారుచేసి, కావాలన్నవాళ్ళకల్లా పంచిపెట్టాయట. భూకంపాల మీద ప్రేమతో కాదు. బాంబు వినడానికి పెట్టిన చెవుల్లో భూకంపాలు కూడా పడ్డాయి, మన చదువంతా ఆ పుణ్యమే అన్నాడు.

రెండింటికీ తేడా ఎలా పట్టాలో కూడా ఆయనే నేర్పాడు. బాంబు పేలితే నేల అన్ని వైపులకూ ఒకేసారి బయటికి తోసుకొస్తుంది. కాబట్టి ఏ ఊళ్ళో చూసినా మొదటి కదలిక ఒక్కతీరుగానే ఉంటుంది. భూకంపం అలా కాదు, ఒక వైపు తోస్తుంది, ఇంకో వైపు లాగుతుంది. "బాంబు ఒక్క తన్ను తన్ని ఊరుకుంటుంది. భూకంపం తిట్టి తిట్టి కొడుతుంది" అని నేను నాకోసం రాసుకున్నాను. ఘోష్ సాబ్‌కి అది అనువదించి చెబితే ఆ రోజు పదమూడో టీ తాగాడు.

లడ్డూల రోజు

మన దేశం ఎడారిలో అణుపరీక్షలు చేసిన ఆ వేసవి నాకు బాగా గుర్తు. వార్త రేడియోలో వచ్చే సరికే మా కలం దాన్ని గీసి పెట్టింది. ఎంతో దూరం కదా, సన్నటి గీత. తెలియనివాడు చూస్తే కలం తడబడింది అనుకుంటాడు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. ఒళ్ళు పులకరించింది. వెంటనే భయం కూడా వేసింది. ఆ రెండూ కలిసి వస్తే ఏమనాలో ఇప్పటికీ నాకు తెలీదు.

సాయంత్రం అప్పలరాజు కొట్లో లడ్డూలు పంచుతున్నారు. ఇంత సంగతి మనసులో పెట్టుకుని ఊరుకునే మనిషినా నేను! "మా కాగితం మీద పడింది" అనేశాను.

"ఆఁ? నువ్వు సూసావా? ఎంత పెద్దది భయ్యా? రేడియోలో సెప్పినంత పెద్దదేనా?" అప్పలరాజు గల్లా దగ్గర నుంచి లేచొచ్చాడు.

వేళ్ళతో చూపించాను. ఇంతే అన్నాను. గోధుమగింజంత.

"అంతేనా?" అన్నాడు నిరాశగా. కొట్లో ఉన్నవాళ్ళంతా నేనేదో దేశాన్ని తక్కువ చేసినట్టు చూశారు.

మర్నాడు పొద్దున్నే ఘోష్ సాబ్ పిలిచాడు. ఊరు చిన్నది, మాట తిరిగొచ్చింది. ఆ కాగితాన్ని ఆయన అప్పటికే కవర్లో పెట్టి లక్క వేసేశాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. బాంబు ఎంత పెద్దదన్నదే ఇప్పుడు పెద్ద రాజకీయం అన్నాడు. మనవాళ్ళు ఇంత అంటున్నారు, బయటివాళ్ళు కాదు చిన్నది అంటున్నారు, ఇద్దరూ కొలిచేది ఇలాంటి గీతలతోనే, నువ్వు కిరాణా కొట్లో వేళ్ళతో కొలిచి చూపిస్తావా అని అడిగాడు. చివర్న "నాయుడు, తుమ్హారా కామ్ లిఖ్‌నా హై. బోల్‌నా నహీ" అన్నాడు. రాయడం నా పని, చెప్పడం కాదు.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం కూడా. ఆ రోజు నుంచి నా నోటికి తాళం పడింది. పక్కింటివాళ్ళు "నిన్న ఊగింది కదా, ఎక్కడండీ?" అని అడిగినా "రిపోర్టు పంపాం, పేపర్లో వస్తుంది" అనేవాణ్ణి. ఆరేళ్ళు తిరిగేసరికి అది అలవాటై, నా మాటతీరే అయిపోయింది. మంచి ఉద్యోగి అని పేరు కూడా వచ్చింది.

సంతకం పెట్టని కాగితం

జ్యోతీ, ఇది కొంచెం ఓపిగ్గా వినాలి. మీ అమ్మగారిని మెల్లగా చదవమను.

ఇకమీదట ఎవరూ అణుపరీక్షలు చేయకూడదని దేశాలన్నీ కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయి. దొంగచాటుగా ఎవరైనా చేస్తే పట్టుకోవడానికి నేల మీదా, సముద్రంలోనూ వినే యంత్రాలు పెట్టించారు. సముద్రంలో వేసినవి మహా చురుకైనవి, ఎంతో దూరాన నీళ్ళలో జరిగే చప్పుడు కూడా పట్టేస్తాయి. అవి విన్నది సంతకం పెట్టిన దేశాలకు వెళుతుంది. మనం పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదంటే, మన వాదన మనకుంది. గుట్టలుగా బాంబులు దాచుకున్నవాళ్ళు అవి తగ్గించుకోరు, మనల్ని మాత్రం కొత్తవి చేయొద్దంటారు. తాము కడుపునిండా తిని ఎదుటివాడి విస్తరి లాగేసినట్టు. నాకు ఈ వాదన సబబుగానే తోచేది, ఇప్పటికీ తోస్తుంది. మళ్ళీ ఆలోచిస్తే, అందరూ ఇలాగే అంటూ కూర్చుంటే ఎవడు ముందు దించుతాడు చేతిలోది అనిపిస్తుంది. ఘోష్ సాబ్ రిటైరై వెళ్ళే ముందు ఇదే అడిగాను. "పొద్దున నేను సంతకం పెట్టమంటాను, సాయంత్రం వద్దంటాను. మధ్యలో టీ తాగుతాను" అన్నాడు. అప్పుడు జోకు అనుకున్నాను.

ఆ ఆదివారం

క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. పొద్దున డ్యూటీ నాది. తెల్లారి కాసేపయింది. నేల ఊగడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. బల్ల పట్టుకుని నిలబడ్డాను. డ్రమ్ము మీద కలం ఈ చివర నుంచి ఆ చివరకు కొట్టుకుని, కాగితం దాటిపోయి పక్కనున్న ఇనుప కమ్మికి తగులుతూనే ఉంది. అన్నేళ్ళ ఉద్యోగంలో అలాంటిది చూడలేదు.

ఊగడం తగ్గాక మా పద్ధతి ప్రకారం మొదట యంత్రం సంగతి చూశాను. వంగిన కలం సరిచేసి, సిరా తుడిచి, టైము రాసుకున్నాను. ఇంత పెద్దది, ఇంతసేపు ఊగినది, దక్షిణాన సముద్రం అడుగునే పుట్టి ఉండాలని అప్పటికే ఓ అంచనా వచ్చింది. ఆఫీసు పుస్తకంలో ఒక పేజీ ఉంది, సముద్రం అడుగున పెద్ద భూకంపం వస్తే నీళ్ళు లేచి ఒడ్డు మీదకు రావచ్చని. ఎప్పుడో పరీక్ష కోసం చదివినది. ఆ పేజీ గుర్తొచ్చింది. గుర్తు రాలేదని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పాను. వచ్చింది.

అప్పుడే ఫోను మోగింది. సూరి. మా ఆవిడ తమ్ముడు. మాకు దక్షిణాన ఉన్న కార్ నికోబార్ దీవిలో సర్కారు బడి టీచరు. భార్య లక్ష్మితో ఒడ్డుకు దగ్గరగా క్వార్టర్స్‌లో ఉండేవాడు. హెడ్‌మాస్టరుగారి ఇంటి నుంచి చేస్తున్నాడు.

"బావా, ఇక్కడ అంతా పడిపోతంది. మా క్వార్టర్స్ గోడలు బీటలిచ్చేసాయి. సబ్ లోగ్ బయటికొచ్చేసారు. ఏటి సెయ్యమంటావు?"

"లోపలికి వెళ్ళొద్దురా. మళ్ళీ ఊగుతుంది. గోడలూ చెట్లూ లేని ఖాళీ జాగాకి పోండి."

"గ్రౌండు కాడికా?"

"ఆఁ, గ్రౌండుకే పో."

భూకంపాలవాళ్ళం ఎవరికైనా ముందు చెప్పేది అదే. ఖాళీ జాగా. ఆ దీవిలో ఖాళీ జాగా అంటే సముద్రం పక్కనున్న ఆటల గ్రౌండు. క్రిస్మస్ పందిరి ఇంకా విప్పలేదు. నేను అక్కడికి రెండుసార్లు వెళ్ళాను, అక్కడ అలాంటి పందిరి కిందే కూర్చుని భోంచేశాను. ఎక్కడుందో నాకు తెలుసు.

"బావా, గ్రౌండు సముద్రం పక్కనే కదా. సముద్రానికి ఏటీ అవ్వదు కదా?" అన్నాడు.

అడిగాడు. వాడంతట వాడే అడిగాడు. 'రావచ్చేమో, ఒడ్డు వదిలి దీవి లోపలికి పో' అన్న మాట నా గొంతు దాకా వచ్చింది. అయితే నేను కొలవలేదు. ఢిల్లీ చెప్పలేదు. అంచనా తప్పయితే దీవంతా పరుగులు పెడుతుంది, నాయుడు మళ్ళీ వేళ్ళతో కొలిచి చూపించాడంటారు.

"రిపోర్టు వెళుతుందిరా. వాళ్ళే చెప్తారు. నేనేం చెప్పలేను" అన్నాను.

"సరే బావా. అక్క జాగ్రత్త" అని పెట్టేశాడు.

మా ఇంట్లో సూరి

మూడో రోజు వాయుసేన విమానంలో మా ఊరికి వచ్చిన జనంలో సూరి దిగాడు. ఒక్కడే. వాళ్ళూ పక్క క్వార్టర్స్ వాళ్ళూ అందరూ గ్రౌండుకు చేరారట. హెడ్‌మాస్టరుగారి తల్లి నడవలేక ఇంట్లోనే ఉండిపోయిందని తెలిసి, ఆవిణ్ణి ఎత్తుకురావడానికి సూరి లోపలి రోడ్డున ఆ ఇంటి వైపు వెళ్ళాడు. వెనక నుంచి చప్పుడు వచ్చింది. తిరిగి చూస్తే గ్రౌండు లేదు. లక్ష్మి దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

లంబాలైన్ పేటలో మా ఇంట్లోనే ఏడాదికి పైగా ఉన్నాడు. నేను వాడి మొహం చూడలేక ఆఫీసులో కూర్చునేవాణ్ణి. అసలు బాధ అది కాదు. వచ్చినవాళ్ళందరితో వాడు నా గురించి గొప్పగా చెప్పేవాడు.

"బావ లోపలికి పోవద్దన్నాడు కాబట్టే నేనున్నాను. రెండో ఊపుకి మా క్వార్టర్స్ నేలమట్టం. లోపలుంటే ఇద్దరం పోయేవాళ్ళం" అనేవాడు.

రత్నం నా కంచంలో అన్నం వడ్డిస్తూ నా వైపు చూసేది. ఒకసారి అడిగింది కూడా. "ఏటండీ, ఆడు అలా అన్నప్పుడల్లా తల దించేసుకుంటారు?" ఏమీ లేదన్నాను. ఆఫీసులో నేర్చుకున్న మాటే ఇంట్లోనూ పనికొచ్చింది.

వాడు చెప్పేదీ అబద్ధం కాదు. క్వార్టర్స్ కూలిన మాట నిజం. నేను సగం మంచి సలహా ఇచ్చానా, సగం చంపే సలహా ఇచ్చానా? ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసినా తేలలేదు.

చలి దేశంలో మీటింగు

కొన్నేళ్ళకు నన్ను యూరప్‌లో ఒక ఊరికి ట్రైనింగుకు పంపారు. చలికి చెవులు పగిలిపోయాయి. భూకంపాల వాళ్ళూ, బాంబులు వినే ఆ సముద్రపు యంత్రాల వాళ్ళూ కలిసి కూర్చున్నారు. ఒకామె తెరమీద ఆ ఆదివారం నాటి రికార్డు చూపించింది. నేల చీలడం ఒక చివర మొదలై మన దీవుల మీదుగా ఉత్తరానికి పాక్కుంటూ పోయింది. అంతా ఆ యంత్రాలు విన్నాయి. చూస్తూ ఉంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

చెయ్యెత్తాను. పక్కనున్న మా పెద్దాఫీసరు బల్ల కింద కాలు తొక్కాడు. మా దేశం సంతకం పెట్టలేదని అక్కడ గుర్తు చేయడం ఆయనకు ఇష్టం లేదు. అయినా నా వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను. ఇంత విన్నారు, మాకు ఎందుకు చెప్పలేదు?

ఆమె కోప్పడలేదు. టీ టైములో నా దగ్గరకు వచ్చి చెప్పింది. ఆ యంత్రాలు పెట్టింది బాంబు కోసం. బాంబు కాదని తేలాక మా పని అయిపోయినట్టే. సముద్రం గురించి ఎవరికైనా చెప్పమని మాకు ఎవరూ అప్పగించలేదు. సంతకం పెట్టినవాళ్ళకైనా అలలు వస్తున్నాయని మేం చెప్పలేదు. తర్వాత అందరం కూర్చుని, ఇకనుంచి చెప్పాలని అనుకున్నాం.

అంత దూరం వెళ్ళింది ఆ మాట వినడానికా? సంతకం పెట్టి ఉంటే లక్ష్మి బతికేదని తేలితే, నేను ప్రభుత్వాన్ని తిట్టుకుని హాయిగా పడుకునేవాణ్ణి. పెట్టినా బతికేది కాదని తేలితే, దేశం చేసింది రైటేనని పడుకునేవాణ్ణి. ఆ రెండూ తేలలేదు, సంతకం పెట్టి ఉంటే ఆ గీతలు మనకూ వచ్చేవి, చదివి చెప్పేవాడు ఉండేవాడో లేదో. ఈమె కూడా నాలాగే మాట్లాడింది. విన్నాం, రాశాం, చెప్పడం మా పని కాదు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. ఇద్దరం టీ చల్లార్చుకుని తాగాం.

బాంబుల సంగతి చదివేటప్పుడు ఒకటి గమనించు జ్యోతీ. ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయన్న గొడవ పైకి కనిపించేది. లోపల నడిచేదంతా ఎవరికి ఏం తెలుసు, ఎవరికి చెప్పొచ్చు, ఎవరికి చెప్పకూడదు అన్న గొడవే. ఆ అలవాటు పెద్ద పెద్ద గదుల్లో పుట్టి, మెల్లగా మనలాంటి గుమాస్తాల నోళ్ళ దాకా వస్తుంది. అది తప్పంటావా? రహస్యం లేకుండా దేశం నడవదని ఇప్పటికీ నమ్ముతాను. లక్ష్మి మొహం గుర్తొస్తే నమ్మను.

ఏప్రిల్ మధ్యాహ్నం

సూరి మళ్ళీ కార్ నికోబార్ వెళ్ళిపోయాడు. కొత్త బడి, పాతదానికంటే లోపలికి కట్టారు. రిటైర్మెంటుకు మూడేళ్ళుందనగా, ఒక ఏప్రిల్ మధ్యాహ్నం, భోజనం అయి చేతులు కడుక్కుంటూ ఉంటే నేల మళ్ళీ అలాగే ఊగింది. ఇప్పుడు కలం లేదు, కంప్యూటరు తెర మీద గీతలు. దక్షిణాన, సముద్రంలో, చాలా పెద్దది.

ఈసారి యంత్రం వైపు చూడలేదు. సెల్లు తీసి సూరికి కొట్టాను.

"సూరీ, పిల్లల్ని తీసుకుని పైకి పో. ఎత్తుకి పో. సముద్రం రావచ్చు. ఇంకా ఎవరూ చెప్పలేదు, నేను చెప్తున్నాను. పో."

"అచ్ఛా బావా" అన్నాడు. అంతే, పరుగు వినిపించింది.

ప్రభుత్వ హెచ్చరిక కూడా కొద్ది నిమిషాల్లోనే వచ్చింది. ఆ పాఠం దేశం నేర్చుకుంది, కాదనను. మా కొత్త బాస్ అనితా మేడమ్, హైదరాబాదు నుంచి వచ్చినావిడ, నా ఫోను మాటలన్నీ విన్నారు. హడావిడి తగ్గాక పిలిచారు.

"నాయుడుగారూ, ఆ దీవిలో మీ బావమరిది ఒక్కడే ఉన్నాడా? మన ఆఫీసులో ఇరవైమంది ఉన్నాం. ఒక్కొక్కరం ముందు ఒక్కొక్క చుట్టానికి చెప్పుకుంటే, చుట్టాలు లేనివాళ్ళ సంగతేంటి?"

కార్ నికోబార్ బడికి చెప్పాను గానీ హార్బరుకు చెప్పలేదు, పక్క దీవికి చెప్పలేదు. ఆవిడ మెమో ఇచ్చారు, తీసుకున్నాను. సంతకం పెట్టాను. ఆవిడ అన్నది న్యాయమే. నేను చేసింది కూడా మళ్ళీ చేస్తాను. ఈ రెండు వాక్యాలూ ఒకే మనిషి ఎలా రాస్తాడని నన్ను అడగకు.

సముద్రం రాలేదు. కొంచెం పొంగి తగ్గింది. ఎండ దిగుతూండగా హెచ్చరిక ఎత్తేశారు. ఇంటికి వచ్చి, రత్నం పక్కనే ఉండగా సూరికి ఫోను చేశాను.

"నీళ్ళు రాలేదు బావా. పిల్లలందరూ పక్కా సేఫ్. వాళ్ళ అమ్మానాన్నలొచ్చి తీసుకెళ్తున్నారు" అన్నాడు. గొంతులో ఇంకా ఆయాసం ఉంది.

"మంచిదిరా. పెట్టేస్తాను, రెస్టు తీసుకో."

"ఆగు బావా. ఒక్క మాట. ఎవరూ సెప్పకముందే నీకు తెలిసిపోయింది కదా ఈయాల."

"అంచనా. అంతే."

"మరి ఆ రోజు కూడా తెలిసిందా?"

రత్నం నా మొహంలోకి చూస్తూ ఉంది. లేదు అనడానికి ఏడేళ్ళ అలవాటు ఉంది నాకు. ఈసారి నోరు రాలేదు.

"అనుమానం వచ్చిందిరా."



"అడిగాను కదా బావా" అన్నాడు సూరి.

"అడిగావు" అన్నాను.